మోచేతి దాకా

మా నాన్న మిర్చి యార్డులో గుమాస్తా.
టిక్కీ మూతి దగ్గర కాయల్ని నమ్మేవాడు కాదు.
మోచేతి దాకా చెయ్యి దించి
అడుగునుంచి గుప్పెడు లాగి
తాలు ఎంతుందో చూసేవాడు.
ఆ చేత్తోనే నా కన్నీళ్లు తుడిస్తే
ఏడుపు ఇంకా పెరిగేది.

నేను ట్యాబు పట్టుకుని తిరుగుతాను.
సబ్బు మీద సర్వే. నలభై ఇళ్లు, ప్రతి అయిదో తలుపు.
బ్రాడీపేట నాలుగో లైన్లో మధ్యాహ్నం
తలుపు తలుపుకీ తాళం.
"పక్కింట్లో అడుగు," ఫోన్లో షణ్ముఖరావు గారు.
పక్కింట్లో రిటైరైన హిందీ టీచరు
కాఫీ ఇచ్చి, ప్రశ్నలో అక్షరదోషం దిద్ది
మల్లెవాసనకి అయిదుకి అయిదు వేసింది.

"అన్నం ఉడికిందో లేదో
ఒక్క మెతుకు చాలమ్మా" అంటాడాయన.
నిజమే,
అందరిదీ ఒకే కుండ అయితే.

చీకటి పడ్డాక ఏటుకూరు రోడ్డులో
తొడిమలు తీసే ఆడవాళ్లు ఆటో దిగుతున్నారు.
ఏ సబ్బు వాడతారని అడిగితే
రాహేలమ్మ అరచేతులు చూపించింది.
"సబ్బా? పెరుగు రాసుకుంటే గాని
చంటోణ్ణి ఎత్తుకోలేను."
ఆ జవాబుకి ట్యాబులో గడి లేదు.
అప్పటికే కోటా నిండిపోయింది కూడా.

నెలాఖరుకి రిపోర్టు:
గుంటూరు మల్లెవాసన కోరుకుంటోంది,
నూటికి డెబ్బై ఎనిమిది.
కూడికలో తప్పు లేదు.
నా నలభైలో మూడు మాత్రం
టీ కొట్టు బెంచీ మీద నేనే నింపాను,
అదీ చెప్పాలి.

నాన్నకి చూపించాను.
అద్దాలైనా పెట్టుకోకుండా
కాగితం అంచు వేళ్లతో నలిపి
"మూతి దగ్గరదేనా?" అన్నాడు.