పదో నంబరు

రెండు సీట్లు, గుడ్డ టాపు, తొమ్మిది వందల యాభై కిలోలు.
పక్క పొలం ఎల్లిస్ వాళ్ల నల్ల ఆబోతు
దీనికన్నా ఓ అర బస్తా ఎక్కువే తూగుతుంది.

ముప్పై మూడేళ్లొచ్చాయి బండికి.
కీళ్లలో గుజ్జంతా పోయింది.
బాలా నుంచి కొండెక్కే దారిలో
గొర్రెలు దాటకుండా పరిచిన ఇనపకడ్డీల మీద
ప్రతిసారీ గల్లాపెట్టె బోర్లించిన చప్పుడు.
మలుపులో ఒళ్లంతా ఓ పక్కకు వాలిపోయి
తేరుకునేసరికి ఇంకో మలుపొచ్చేది.

ముప్పై ఏళ్లు స్కూలు బస్సు తోలాను,
పదకొండు టన్నుల ఇనుము, నలభై మంది పిల్లల గోల.
ఆఖరి రోజు చేతిలో పెట్టిన కవరుతో
గడియారం కొనుక్కోలేదు.
నాలుగు షాకబ్జార్లు, నీలం స్ప్రింగులు, బుష్‌ల పొట్లం ఒకటి.
వంటింటి బల్ల మీద ఒక్కోటీ కాగితం విప్పి చూశాను,
మళ్లీ చుట్టిపెట్టాను, మళ్లీ విప్పాను.

ఎడమ ముందు చక్రం, కింద పొడుగు బోల్టు.
ఉడుంపట్టు.
నూనె పోశాను, మంట పెట్టాను,
పానాకు గొట్టం తొడిగి చివర్న వేలాడాను.
చాపెల్‌కి పోయే ఇంట్లో పుట్టినదాన్ని అనకూడని మాటలు
అన్నీ వెల్ష్‌లోనే అన్నాను,
ఇంగ్లీషులో అంత పట్టు దొరకదు.
రెండో రోజు కోసేశాను.
మూడో రోజు వాన.
నాలుగో రోజు పాత స్ప్రింగు చేతికొచ్చింది.
కింది చుట్టు ఎప్పుడు విరిగిందో,
విరిగిన చోట కూడా తుప్పే.
విరిగింది విరిగినట్టే మోసుకొచ్చింది నన్ను.
నేనేమో రోడ్డును తిట్టాను.

కొత్తవి బిగించాక
చక్రాల వెనకుండే మరలన్నీ చివరికంటా తిప్పాను.
గట్టిదే మంచిదనుకున్నాను.
కొండ మీద ప్రతి గులకరాయీ
నా వెన్నుపూసల్ని పేరుపేరునా పిలిచింది.
ఇంత తేలిక బండిని అంతలా బిగిస్తే
నేల మీద నిలవదు,
పెనం మీద నీటిబొట్టులా చిందులేస్తుంది.

దారి పక్కన ఆపాను. బురదలో మోకాళ్లూని
ఒక్కో మరా వెనక్కి.
ముందు ఆరు టిక్కులు. వెనక ఎనిమిది.
ఓ గొర్రె నిలబడి చూసింది, నమలడం ఆపకుండానే.

అప్పుడు పోనిచ్చాను.
గుంటలన్నీ ఉన్నచోటే ఉన్నాయి.
ఒక్కోటీ వచ్చి, చెప్పాల్సింది చెప్పి, వెళ్లిపోయింది.
కడ్డీల మీద ధడ్ మని ఒక్క మాట, అంతే.
మలుపులో బండి కాస్త కూర్చుని
అక్కణ్ణుంచి తిరిగింది, తొందర లేకుండా.

ఇన్నేళ్ల రొద అణిగాక
సీటు కింద ఎక్కడో
టింగ్.
కుడి మలుపుకి ఒకటి. ఎడమ మలుపుకి ఒకటి.

సరస్సు ఒడ్డున ఆపి
సీటు పట్టాల సందులోకి వేళ్లు దూర్చాను.
పదో నంబరు సాకెట్.

తొమ్మిదేళ్ల కింద పోయింది.
"నువ్వే పట్టుకెళ్లుంటావు, నీకలవాటేగా" అన్నాను తమ్ముణ్ణి,
వాడి పెళ్లాం ముందర, కూతురు పుట్టినరోజు నాడు.
ఇడ్వల్ ఏమీ అనలేదు.
తన పనిముట్ల పెట్టె మొత్తం నా వాకిట్లో కుమ్మరించి
"వెతుక్కో" అన్నాడు.
తర్వాత వంగి, ఒక్కొక్కటే ఏరుకున్నాడు.
నేనూ వంగి ఒక్కటైనా అందించి ఉండాల్సింది.
అప్పట్నుంచీ క్రిస్మస్ కార్డులొస్తాయి,
లోపల పేరు, అంతే.

సాకెట్ అరచేతిలో వెచ్చగా ఉంది,
ఇంజను పక్కన కాగినట్టు.

యాభై మైళ్లు తిరిగాక
నట్లన్నీ మళ్లీ బిగించి చూడమని కాగితంలో ఉంది.
ఇప్పటికి ఇరవై రెండయ్యాయి.
వాడుండే బార్మత్ ఇంకో ఇరవై ఎనిమిది.
ఎంత బిగించాలో చెప్పే పానా
మా ఇంట్లో ఎప్పుడూ
వాడి దగ్గరే ఉండేది.