మందుపెట్టెల బీరువా

నాయిన ముప్పై ఒక్క ఏండ్లు బొగ్గు తవ్విండు,
ఇంటికి మాత్రం రాళ్లు మోసిండు.
టిఫిన్ గిన్నె అడుగున, చెమట తువ్వాలల సుట్టి,
గేటు కాడ జవాను తడిమితే
"సద్ది మిగిలింది సారూ" అనుకుంట.

మొదటిది ఆకు.
రాతి మీద బొమ్మ గాదు, రాయైన ఆకే.
ఆవు నాలుకంత పొడుగు, నడుమ ఒక్కటే ఈనె.
అమ్మ అటిటు తిప్పి చూసి
"విస్తరి కుట్టొస్తదా?" అన్నది.

గని మందు వచ్చిన కట్టెపెట్టెలు విప్పి
ఎయిట్ ఇంక్లైన్ కోటర్ల బీరువా చేసిండు.
తలుపుకు పాత బస్సు అద్దం.
పుర్రెబొమ్మ తలకిందులైంది,
"అపాయం" అన్న మాట రెండు అరలల్ల
సగం సగం వడ్డది.
అండ్ల,
డిటోనేటర్ తీగెలతోని కాకి కట్టుకున్న గూడు, ఎరుపూ పసుపూ;
గోదారి తొలిచిన గుండు, దాని బొక్కల నుంచి చూస్తే
మా అమ్మ గుండ్రంగ కనవడ్తది;
ఏ జంతువుదో తెల్వని ఎముక;
నాలుగువందల పదిహేడు నంబరు ఇత్తడి బిళ్ల.
బక్కన్న ఎక్కిరాని పొద్దు
దీపాల రూముల మేకుకు మిగిలింది అది.

ఎందుకే ఇంత పిచ్చి అంటే ఓసారి చెప్పిండు.
ఏడేండ్లప్పుడు తాత ఎంట వెట్టికి పోయిండట,
గడీల దొర వింతల అర్ర తుడువ.
గాజుకండ్ల పులి,
గంటకోసారి తల బయటవెట్టే కొయ్యపిట్ట,
మఖమల్ గుడ్డల నిప్పుకోడి గుడ్డు.
చెప్పులు చేతుల, చూపు నేల మీద ఉండాలె.
చూపు లేచింది.
వీపు మీది వాత వారంల మానింది.
ఆ గుడ్డు మానలే.

అందుకే మా బీరువకు తాళం లేదు.
కోటర్ల పోరగాండ్లు ఎవలొచ్చినా
"చూసుడేంది, పట్టుకో" అంటడు,
ఆకు బరువు చెయ్యికి తెల్వాలెనని.
బిళ్ల ఒక్కటి ఇయ్యడు.

పోయినేడు పట్నం నుంచి ఒక సారు వచ్చిండు, భూతద్దంతోని.
ఏ సీము, ఏ తారీకు, అన్ని రాసుకున్నడు.
"మూడో సీము. తారీకు యాదికి లేదు,
బక్కన్న ఉన్నప్పుడు" అన్నడు నాయిన.
సారు పెన్ను ఆగింది.
పద్నాలుగు ఆకులు కొంటవోయి రశీదు ఇచ్చిండు.
ఖాళీ అరల ఇప్పుడు ఆ రశీదే ఉంది,
ఎముక బరువు కింద.

మొన్న పక్క కోటరు నస్రీన్
ఊడిన పాలపన్ను పిడికిట్ల తెచ్చింది.
అడుగకుంటనే దాని పక్కన పెట్టింది.
నాయిన అద్దాలు సవరించుకొని
చీటీ రాయవట్టిండు.
"ఏ సీము బిడ్డా?"
పిల్ల నోరు తెరిచి, వేలు పెట్టి చూపెట్టింది:
"కిందిది. ఎడమ దిక్కు."