విప్పే క్రమం

"ఒక్క చిల్లు పడకూడదు" అన్నాడు విస్టిన్,
బోర్మ్లా రేవులో ముప్పై ఎనిమిదేళ్లు
ఓడల పొట్టలు కోసి అతికిన మనిషి.
"ఒక్క మర కూడా. గోరంత గీత కూడా."
ఇనుముతో అంత మొరటుగా బతికినవాడు
ఈ లేత నీలం ట్రయంఫ్ హెరాల్డ్ పక్కన
పురిటిబిడ్డను చూడొచ్చిన పరాయివాడిలా
చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు.

నేను పడవలకు రేడియోలు బిగిస్తాను.
డ్రిల్లు నాకు ఆరో వేలు.
ఇవాళ దాన్ని సంచిలోనే పడుకోబెట్టాను.

డాష్‌బోర్డు నడుమ పాత రేడియో.
పాలమీగడ రంగు బొత్తాలు రెండు,
మధ్య గాజు పలక, దాని మీద
ఇప్పుడెవరూ పలకని స్టేషన్ల పేర్లు.
ఒకప్పుడు మీట తిప్పాక అరనిమిషం వేడెక్కి
అప్పుడు గొంతు సవరించుకునేదట.
"అది కదలదు. మాట్లాడకపోయినా
అక్కడే ఉంటుంది" అన్నాడు.

సరే, దాక్కోవాల్సింది కొత్తదే.

ఇంకో పేచీ. ఈ బండిది తిరగేసిన జాతకం:
అరవై రెండులో పుట్టింది, ఒళ్లంతా పాజిటివ్.
నేను తెచ్చిన పెట్టె ఒళ్లు నెగటివ్.
రెండు ఒళ్లూ తగిలాయా, పొగే.
మాటల్లేని తోడికోడళ్లను ఒకే పెళ్లికి పిలిచినట్టు
నడుమ ఎవర్నో కూర్చోబెట్టాలి.
సబ్బుబిళ్లంత కన్వర్టర్‌కి రబ్బరు చుట్టి
చెక్కడబ్బాలో పెట్టి
గ్లవ్‌బాక్సు చీకట్లోకి తోశాను.
స్పీకర్లు వెనక అద్దం కింది అర మీద,
అడుగున ఫెల్టు గుడ్డ,
తమ బరువుకి తామే నిలబడేట్టు.
అద్దెకున్నవాడు గోడకి మేకు కొట్టకుండా
పటం ఆనించుకుంటాడే, అలా.
పచ్చబొట్టు కాదు, గోరింటాకు.

ఇక మిగిలింది ఒక్క తీగ.
బ్యాటరీ నుంచి లోపలికి రావాలి.
రేకుగోడలో దారి లేదు.
తల కిందికి, కాళ్లు సీటు మీదికి పెట్టి
టార్చి పళ్ల మధ్య కరుచుకుని వెతుకుతుంటే
స్టీరింగు కడ్డీ పక్కన వేలికి మెత్తగా తగిలింది.
బిరడా.
సారాసీసా బిరడా, నీలం రంగు పూసి.

"చిల్లుందిగా!" అన్నాను లోపల్నుంచే.
బయట చాలాసేపు చప్పుడు లేదు.
"నేను చేసింది కాదు" అన్నాడు చివరికి,
దొంగతనం మోపినట్టు.
"నాకమ్మిన మందులషాపాయన చేశాడు.
పొగమంచు దీపాలట! ఈ దీవిలో!
కొన్న మొదటి రాత్రే చూశాను.
నలభై ఒక్క ఏళ్లుగా నాకే తెలుసు."

ఓడల్లో ఎన్ని తలుపులు కోశాడో
లెక్కపెట్టుకోని మనిషి
ఈ అరంగుళం గాయాన్ని
ఒంటరిగా మోస్తున్నాడు.

"దాన్లోంచి పోనీ" అన్నాడు.
"ఎలాగూ ఉంది కదా."

తీగ నూలుపోగులా దూరిపోయింది.

సాయంత్రం ఫోను కలిపి "నొక్కండి" అన్నాను.
నొక్కలేదు.
"ఆగు. వేడెక్కనీ."
వేడెక్కాల్సిందేమీ లేదని చెప్పబోయి
ఊరుకున్నాను.
అరనిమిషం ఇద్దరం చచ్చిన రేడియో వంక చూశాం.
అప్పుడు నొక్కాడు.
వాళ్ల పేట బ్యాండు క్లబ్బు రిహార్సలు:
బూరలు, డోళ్లు, ఎవరిదో దగ్గు,
మూడో చరణంలో క్లారినెట్ ఒకటి జారిపడింది.
"అది నేనే" అన్నాడు, వెనక్కి తిప్పి
ఆ తప్పునే మళ్లీ వినిపించాడు.
గాజు పలక మీది పేర్లు
సన్నగా అదిరాయి.

డబ్బులు లెక్కపెట్టాక కాగితం అడిగాడు.
రసీదు అనుకున్నాను.
"కాదు. ఎలా విప్పాలో రాయి.
నా తర్వాత ఇది ఎవరిదో నాకేం తెలుసు?
వాడికి సంగీతం పడకపోవచ్చు."

పెన్సిలుతో రాశాను,
ఇంకా పుట్టలేదేమో కూడా తెలియని మనిషికి:
మొదట బ్యాటరీ విడదియ్యి.
చెక్కడబ్బా నీవైపు లాగు, మరలేం లేవు.
తీగని గుంజకు, అదే వస్తుంది.
స్పీకర్లకి ఏమీ చెయ్యనక్కర్లేదు, ఎత్తు చాలు.
పది నిమిషాల పని.
ఈ కాగితం వెనక టేపు కింద ఒక బిరడా ఉంది.
మరిచిపోకు,
అది మళ్లీ దాని చోట్లో పెట్టు.