కారణం గడి

ముప్పై ఒక్క ఏళ్లు
రామతీర్థం క్వారీలో మందుగుండు రిజిస్టరు రాశాను.
ఎన్ని దిగినై, ఎన్ని పేలినై,
పేలనివి ఎన్ని, ఎందుకని.
ఆఖరి గడి ఖాళీగా వదలకూడదు,
మా మేస్త్రీ నేర్పిన చదువు అదొక్కటే.

ఇప్పుడు ఇంట్లో రౌటరుకి రాస్తున్నాను.

టీవీ పక్కన చెక్క మీద
నల్లగా, నాలుగు కొమ్ములు పైకెత్తి
వెల్లకిలా పడ్డ పీతలా ఉంటుంది.
లేవగానే దాని మొహం చూస్తాను.
పచ్చ దీపాలు మూడూ వెలిగితే సరే.
పక్కనున్నది ఎర్రబడిందా,
చిల్లకంపల్లో ఎక్కడో తీగ తెగిందని లెక్క.
కేబుల్ ఏడుకొండలుకి ఫోను.
"కాలేషా చిన్నాయనా, ఒకసారి ఆపి వెయ్" అంటాడు.
ఏ జబ్బుకైనా వాడిది ఒకటే మాత్ర.

శుక్రవారం శుక్రవారం
రంగులేసే బ్రష్షుతో దాని చిల్లుల్లో దుమ్ము దులుపుతాను.
చీమకుర్తి దుమ్ము మామూలు దుమ్ము కాదు,
ఎండలో పెడితే వేలి మీద బంగారు నలుసులు.
ఆ రాయి ఓడలెక్కి ఎవరి వంటింట్లోనో బండగా పడుంటుంది.
దాని పొట్టు మా రౌటరు ఊపిరితిత్తుల్లో.
నా వాటిల్లో ఎంతుందో
ఒంగోలు డాక్టరు ఫిలిం వెలుతురుకి పెట్టి చూపించాడు.
అక్కడికి బ్రష్షు పోదు.

రిజిస్టరు చూడండి.
మార్చి తొమ్మిది, ఒంటిగంటా పది, పోయింది. ఆరు నిమిషాలు.
మార్చి పది, ఒంటిగంటా పది. నాలుగు నిమిషాలు.
పదకొండు, అదే టైము.
"దానిక్కూడా అన్నం వేళేమో" అని నవ్వింది మౌలాబీ.
ఐదో రోజుకి గానీ తట్టలా,
ముప్పై ఒక్క ఏళ్లు నేను సైరను మోగించిన వేళే అది.
అక్కడ కొండ పేలితే
ఇక్కడ కిటికీ అద్దం గిలగిల,
సాకెట్లో ప్లగ్గు ఒక నూలు జారుతుంది.
అట్టముక్క మడిచి బిగించాను.
కారణం గడిలో "నేనే" అని రాశాను.
కొట్టేసి, "బ్లాస్టింగు" అని రాశాను.

ఎవరెవరు తగులుకున్నారో లోపలికెళ్లి చూడటం
పక్కింటి డిప్లమా పిల్ల నేర్పింది.
నా ఫోను, మౌలాబీ ఫోను, టీవీ.
నాలుగోదానికి పేరు లేదు,
అంకెలూ అక్షరాలూ కలగలిసిన పన్నెండు ముక్కలు.
రాత్రి ఎనిమిదింబావుకి వస్తుంది, తొమ్మిదికి పోతుంది.
డ్యూటీ దిగిన మనిషి నడత.

దొంగ దొరికాడని పాస్‌వర్డు మార్చేశాను.

మర్నాడు రాత్రి డాబా ఎక్కి చూస్తే
పాలిష్ ఫ్యాక్టరీ ఒడియా కుర్రోడు,
మా ప్రహరీ అవతల నీళ్ల డ్రమ్ము మీద కూర్చుని
ఫోను ఈ చేతికీ ఆ చేతికీ మార్చుకుంటూ, పైకెత్తుతూ.
జుట్టంతా రాతిపొడి,
ఇరవై ఏళ్లకే నెరిసినట్టు.

"నువ్విచ్చావా?"
మౌలాబీ చింతపండులో గింజలు తీస్తూ తలెత్తలేదు.
"వాళ్ల పాపకి ఇంకా నెల నిండలేదంట.
నీ పెట్టెలో ఏం తరిగిపోయిందిలే."

ఏం తరిగిందో రిజిస్టరు తిరగేశాను.
ఎనిమిదింబావుకీ తొమ్మిదికీ మధ్య
నెలంతా ఒక్క ఎంట్రీ లేదు.

పిలిచి చెప్పడానికి నోరు రాలా.
పిట్టగోడ దగ్గర నిలబడి
మోగని ఫోను చెవిన పెట్టుకుని
క్వారీలో అబ్బిన హిందీలో కేకలేశాను:
"హా భాయ్, కొత్తది రాసుకో,
మౌలాబీ, అన్నీ చిన్నక్షరాలే,
చివర రెండు, సున్నా, ఏడు!"
రెండుసార్లు చెప్పాను. అవతల ఎవరూ లేకపోయినా
"వినపడిందా?" అని కూడా అడిగాను.

కాసేపటికి గోడ అవతల మాటలు.
ఒడియా. అందులో నాకు తెలిసింది
సన్నగా ఒక పసి ఏడుపు ఒక్కటే.

ఎనిమిదీ ఇరవై ఆరు, నాలుగోది తగులుకుంది.
నిన్న రాకపోవడానికి కారణం: ప్లగ్గు వదులు.

రిజిస్టర్లలో నేను రాసిన అబద్ధాల్లో ఇది రెండోది.
మొదటిది ఇక్కడ రాయను.