జంగు

ములుగు రోడ్డు మీద ఆటోనగర్ల రేకుల షెడ్డు.
నాలుగు దినాల సంది ముసురు.
సారంగపాణి సారు ఎస్టీము
జాకీల మీద కాళ్లెత్తుకొని కూసున్నది.

పాత మానిఫోల్డు విప్పిన. పోత ఇనుము,
ఇరువై ఆరేండ్ల మసి.
స్టడ్లల్ల మూడింటికి తలలు తెగినయి.
నిప్పు చూపిచ్చి, డీజిలు తాపి, బతిమాలి,
ఆఖరికి డ్రిల్లు పెట్టి తొలిచిన.
గన్నేండ్ల కాపురం,
స్టడ్డేదో హెడ్డేదో వాటికే తెల్వది.

సారు డిక్కీల నుంచి కొత్తది తీసిండు,
పాత చీరల చుట్టి, పసిపిల్ల లెక్క.
స్టెయిన్‌లెస్ స్టీలు హెడర్లు.
నాలుగు మోరీలు ఒక్క నాలాల పడ్డట్టు
నాలుగు గొట్టాలు వంగి వంగి ఒక్కటైతున్నయి.
నా మొఖం కనవడ్డది అందుల, సాగిపోయి.

"ఇగ దీనికి జంగు పట్టది గద, కొమ్మాలూ?"

నేను నోరు తెరిచేలోపల
యాకూబ్ పాషా వెల్డింగు అద్దం నొసటి మీదికి నెట్టి
"దానికి పట్టది సార్.
పక్కనున్నదానికి పడతది" అన్నడు.

బల్ల మీద రెండు పెట్టిండు:
మెరిసే ఫ్లాంజి, మామూలు ఇనుప బోల్టు.
చూరు కింద వేలు చాపి
రెండు చుక్కల వాన తెచ్చి నడుమ పెట్టిండు.
"గీ నీళ్లున్నయి చూడుండ్రి, చాడీలు చెప్తయి.
బలమున్నది గట్లనే ఉంటది,
బలం లేనిది ఒడుస్తది.
అంత స్టీలుకు గింత బోల్టు!
రెండు వానకాలాలు ఆగుతది.
మూడోదానికి తల చేతికొస్తది."

సారు కండ్లద్దాలు తుడుచుకున్నడు.

"రోజు ఎంత తిరుగుతరు?"
"నక్కలగుట్ట నుంచి కాలేజీ, కాలేజీ నుంచి ఇల్లు."
"గదే మరి. పైపు కాగకముందే ఆపుతరు.
పొగల నీళ్లుంటయి సార్, లోపలి చెమట ఆరది.
నెలకోపారి జనగామ దాకా పోయిరాండ్రి."
"జనగామల నాకేం పనయ్యా?"
"మీకు లేదు. బండికున్నది."

గప్పటికే రాకేశ్ గాడు
గేట్లు తోమే వైరు బ్రష్షు అందుకొని
కొత్త గొట్టం మీద రెండు గీతలు గీకిండు.
పాషా వాని మణికట్టు పట్టుకున్నడు. కొట్టలే.
"ఇనుము తోమినదాంతోని స్టీలును తోమద్దురా.
కంటికి ఆనని పొడి అంటుకుంటది.
రేపు స్టీలుకే జంగు పట్టిందని మందంత అంటది.
మెరిసేదానికి మాట రావద్దు గద."

అని, ఎందుకో నవ్విండు.
"మా అబ్బా అంటుండె,
జంగంటే తుప్పు, జంగంటే లడాయి.
ఉర్దూల రెండు వేర్వేరుగ పలుకాలె.
మన వరంగల్లు నోట్లె ఒక్కటే."

పైన ఇత్తడి నట్లు,
కింద జోడుకు స్టీలు బోల్టులు,
మర మరకు రాగి గ్రీజు.
పొద్దుగూకినంక సెల్ఫు కొట్టిన.
చేతి జిడ్డు కాలిన వాసన, నీలి పొగ.
తెల్లటి గొట్టం మీద
మెల్లగ వరిగడ్డి రంగు, దాని యెనుక ఉదా, దాని యెనుక నీలం.
రేకు సందుల నుంచి ఒక చుక్క జారిపడి
చుయ్యిమన్నది.

సారు పోయిండు, జనగామ దిక్కే పోయిండు.

పాషా నల్లా కింద కండ్లు కడుక్కుంటున్నడు.
పదిహేనేండ్ల సంది గంతే,
రాత్రయితే ఇసుక పోసినట్టుంటయంటడు.
బోర్డు మీద నా పేరొక్కటే ఉన్నది.
గప్పుడు రంగు సరిపోలే అనుకున్నం.

రాకేశ్‌తోని కొత్త బ్రష్షు తెప్పిచ్చిన.
పిడికి పచ్చ రంగు పూసి
'స్టీలుకు మాత్రమే' అని రాయమన్న.
వాడు రాసిండు, మాత్రమేల ఒత్తు మరిచిపోయి.

"రంగు మిగిలిందన్నా, ఏం చేద్దాం?"

బోర్డు దిక్కు చూసిన.
ముసురు ఇడువలే.
తడి రేకు మీద రంగు నిలువదు.
మూత గట్టిగ పెట్టు అన్న.