మే ఇరవై రెండు, ఉదయం ఏడుంపావు

కాయే-కాయే నది మీద పొగమంచు ఇంకా లేవలేదు.
స్టూడియోలో హీటరు ఒక కాలికే వెచ్చన.
వాల్దివియా ఊరి రేడియోలో
పదకొండేళ్లుగా నా ఉద్యోగం ఇదే:
ఈ తారీఖు పేరు చెప్పుకుని ఏం దొరికినా
అరఠావు మీదకి ఎక్కించి
హెర్మీనియా చేతిలో పెట్టడం.

ఆమె చదువుతుంది, గొంతైనా సవరించుకోకుండా.
లైప్‌జిగ్‌లో ఒక ఒపేరా స్వరకర్త పుట్టాడు.
ఇద్దరు అన్నదమ్ముల ఎగిరే యంత్రానికి పేటెంటు దక్కింది.
బెల్‌ఫాస్ట్‌లో ఒక ఫుట్‌బాల్ ఆటగాడు పుట్టాడు.
సిలోను పేరు మార్చుకుని శ్రీలంక అయింది.
రెండు యెమెన్‌లు ఒకటయ్యాయి
(తర్వాత ఏమైందో రాయడానికి కాగితంలో చోటు లేదు).

ముక్కూ మొహం తెలియనివాళ్లు
ఒకే బెంచీ మీద కూర్చుని
ఒకరి మోచేయి ఒకరికి తగలకుండా సర్దుకున్నట్టు.
జయంతికీ వర్ధంతికీ మధ్య
నాకు ఒక్క కామా చాలు.

ఆఖరి వాక్యం దగ్గర మాత్రం
హెర్మీనియా కళ్లజోడు తీసేస్తుంది. అది చూసి చదవక్కర్లేదు.
"పంతొమ్మిది వందల అరవై. ఆదివారం.
మధ్యాహ్నం మూడు గంటల పదకొండు నిమిషాలు.
మనిషి కొలిచిన భూకంపాలన్నిటిలోకీ పెద్దది, మనది."
మనది. ఆ మాట నేను రాయలేదు.
వెంటనే టైర్ల కొట్టు ప్రకటన.

ఏటా ఈ రోజే ఫోను మోగుతుంది.
ఓతీలియా వెంచుమాన్, ఎనభై రెండేళ్లు.
"మళ్లీ మరిచిపోయావు బాబూ. మా రొసామేల్ కూడా ఈ రోజే పుట్టాడు."
"ఆయన ఏం చేశారమ్మా?"
"ఏం చెయ్యాలి? ఏడేళ్లవాడు!"

ఓవెన్‌లో కేకు పెట్టిందట వాళ్లమ్మ.
ముందు ఒక చిన్న కుదుపు.
చిన్నదని తర్వాత తెలిసింది.
ఊరంతా వీధిలోకి పరుగు, అదే బతికించింది.
పెద్దది వచ్చేసరికి
ఇళ్లలో మిగిలినవి కుర్చీలూ, గడియారాలూ,
మొహాన ఇంకా రంగు తిరగని ఒక కేకూ.
నేల నిలువెత్తు దిగింది. నది లోపలికొచ్చి
కేకు ఉడికిందో లేదో తనే చూసుకుంది.

రొసామేల్‌ని నేనెరుగుదును.
నది ఒడ్డు బజారులో చేపలు కోస్తాడు,
వెనక మెట్ల మీద సీలయన్లు
బాకీలవాళ్లలా కూర్చుని ఉంటాయి.
అడిగితే, కత్తి ఆపకుండా అన్నాడు:
"ఆ రోజు నాది కాదు. ఊరిది. తీసేసుకుంది.
పైన రిన్యీవే సరస్సుకి కొండచరియలు అడ్డంపడి
ఊరు మునిగిపోయేట్టుంటే
మా నాన్న పార పట్టుకుని వెళ్లాడు, వందలమందితో.
రెండు నెలలు బురద తవ్వారు.
నీళ్లు మెల్లగా దిగాయని తెలిసిన రాత్రి
అమ్మ కేకు చేసింది.
అప్పుడు నిండాయి నాకు ఏడేళ్లు."

నేల కుంగిన చోట
పచ్చికబయళ్లు చిత్తడి అయ్యాయి.
ఇప్పుడు అక్కడ నల్లమెడ హంసలు.
ఒకప్పటి కంచె గుంజలు నీళ్లలో తలలు మాత్రం చూపిస్తూ
ఎవరి పొలమో గుర్తుపెట్టుకున్నట్టుంటాయి.
హంసలకి అదేమీ పట్టదు.
వాటి ఊరికీ పుట్టినరోజు ఇదే,
ఈ సంగతి నా అరఠావుకి పదకొండేళ్లూ తట్టలేదు.

కిందటేడు జులై చివర ఒక సాయంత్రం
నన్నూ పిలిచారు.
వాన. రేకు మీద చప్పుడు.
ఓతీలియా కేకు ఒక పక్క కాస్త మాడింది,
మాడిన పక్కే కావాలన్నాడు ముసలి రొసామేల్.
నోట్లో ముక్కతోనే నా వైపు తిరిగి,
"నువ్వు తారీఖులవాడివి కదా,
ఇవాళ ఇంకేం జరిగాయి లోకంలో?"

నాకు తెలుసు. పొద్దున్నే రాసిచ్చాను.
ఒక యుద్ధం, ఇద్దరు సినిమా తారలు, ఒక రాణి.

"ఏమీ జరగలేదు," అన్నాను.
అతను తల ఊపి,
ఇంకో ముక్క నా పళ్లెంలో వేశాడు.