వణుకు లెక్క

నూట ఇరవై రూపాయల మోటారు.
అగ్గిపెట్టెలో సగం. పైన తెల్ల ప్లాస్టిక్ రెక్క.
భీమవరంలో కొన్నాను, బిల్లడిగితే నవ్వారు.
దాన్ని ఆడించే పలక ఇంకాస్త ఎక్కువ,
తీగలు మాత్రం చచ్చిన టేప్ రికార్డరువి.

లోసరి దాటాక మూడో రొయ్యల చెరువు.
గట్టు మీద నీలం డ్రమ్ము,
అడుగున నేను కోసిన కంత,
కంతకి మూత ఆ రెక్కే.
మీట నొక్కితే జరగాలి,
గుప్పెడు మేత రాలాలి, మళ్లీ మూసుకోవాలి.
అంతకన్నా పెద్ద యంత్రం నాకు రాదు.

మొదటి రాత్రి ఏరేటర్లన్నీ ఒక్కసారే లేచాయి.
కరెంటు కుంగింది.
రెక్క, జ్వరమొచ్చిన పిచ్చుకలా కొట్టుకుంది.
రెండు రూపాయల కెపాసిటర్ అతికాక
ఊరుకుంది.

రెండో రాత్రి ఫోను.
"అబ్బాయ్, ఒకసారి నొక్కితే ఏడుసార్లు తెరుసుకుంటంది.
మేతంతా నీళ్లపాలు. రాజుగారు ఊరుకోరు."
వెళ్లి నొక్కి చూశాను. ఒక్కటే.
కాపలా పోతురాజు బాబాయి నొక్కితే
ఏడు.

చెయ్యి వెంటనే లుంగీ మడతలోకి పోయింది.
ముప్పై ఏళ్లు ఉప్పుటేట్లో వల విసిరిన చెయ్యి.
ఆ వల ఇప్పుడు
గుడిసె వెనక బీరపాదుకి పందిరి.
"చలి," అన్నాడు.
మే నెల.

ఏ మీటైనా వణుకుతుందని చదువుకున్నాను.
రేకు రేకుని ఒక్కసారిగా తాకదు,
ఎగిరెగిరి పడి, అప్పుడు కుదురుకుంటుంది.
అందుకే ప్రోగ్రాములో ఒక వరస ఉంటుంది:
ఇరవై మిల్లీసెకన్లు ఆగు,
తర్వాతే నమ్ము.
రేకుకైతే ఇరవై చాలు.

గట్టు మీదే కూర్చుని
తెర మీద దీపప్పురుగులు తుడుస్తూ
ఇరవై కొట్టేసి వంద రాశాను. ఐదుసార్లు.
మూడొందలు. రెండు.
ఎనిమిదొందలు రాశాక
రెక్క ఒక్కసారి తెరుచుకుంది,
గుప్పెడు మేత, నీటి మీద చిటపట,
మూసుకుంది.

ఆయన ఏమీ అనలేదు. మళ్లీ నొక్కాడు.
కాసేపాగి మళ్లీ. ఈసారి చెయ్యి దాచకుండా.
మేత దండగని చెప్పబోయి
చెరువు వైపు తిరిగాను.

తెల్లారి రాజుగారు అడిగారు, లోపం ఎక్కడని.
మీటలో అన్నాను. కొత్తది వేశానన్నాను.
ముప్పై రూపాయలు పంపారు.
లోసరి సెంటర్లో బాబాయీ నేనూ
రెండు టీలు, రెండు బన్నులు.
గ్లాసు సగమే పోయించుకున్నాడాయన.